సౌదీల ఉన్న. చెప్పుకోలేని జాగల నొప్పి. డాక్టర్‌కు ఎట్ల చెప్పాలె?

పాలమూరు_డ్రైవర్
నాది మక్తల్ దిక్కు. దమ్మాంల ట్రేలర్ నడుపుత. కొన్నాళ్ల సంది బయిటికి పోయినప్పుడల్లా నెత్తురు పడుతుంది. పోయినంక చానాసేపు ఒకటే మంట. సీట్ల సక్కగ కూసోనీకి రాదు, ఒక పక్కకు ఒరిగి బండి నడుపుతున్న. రూముల ఎనిమిది మందిమి, ఎవ్వనికీ చెప్పలే. చెప్తే రేపటి సంది నాకు కొత్త పేరు పెడతరు.

కంపెనీ పంపే క్లినిక్‌కు పోయిన. లోపల లేడీ డాక్టర్, పక్కకు మలయాళీ నర్సు. "క్యా తక్లీఫ్" అన్నరు. నోట్లకెళ్లి మాట ఎల్లలే. "బుఖార్" అన్న. జ్వరం గోలీలిచ్చి తోలిండ్రు.

ఇంగ్లీషు రాదు. అరబ్బీ బండికి పనికొచ్చేంత వస్తది, అంతే. హిందీ నడుస్తది గానీ ఇసొంటి ముచ్చట హిందీల ఎట్ల ఎత్తాలెనో తెల్వదు. దమ్మాం, ఖోబర్ దిక్కు తెలుగు డాక్టర్ ఎవరన్న ఉన్నరా? లేకుంటే మా ఊరాయన వచ్చే నెల వస్తుండు, ఆయనతోని మందు తెప్పించుకోవాల్నా?

దేవరకొండ_బావ
నవ్వొద్దనుకున్న గానీ బుఖార్ కాడ ఆగలేకపోయిన. మాఫ్ చెయ్ తమ్మీ.

వనపర్తి_వాసి
మొలలే అవి. ఎండల బండి, ఖుబ్బూస్, కోడికూర, నీళ్లు తక్కువ. ఇంకేమైతది? కందగడ్డ వండుకొని తిను, మజ్జిగ తాగు. మా నాయన మూలశంక ఉంగరం పెట్టుకున్నడు, ఇప్పటికీ ఆపరేషన్ లేదు.

గద్వాల_జరీ
ఉంగరం ఏ వేలుకు అన్నా? అడిగి పెట్టుకోమను, మళ్ల నిశ్చితార్థం అయిందనుకుంటరు క్యాంపుల.

కోస్గి_కాక
నేను జుబైల్‌ల చానేండ్లు చేసి వచ్చిన. నా మాట విను బిడ్డా. లీవు పెట్టుకొని ఇంటికి రా. మహబూబ్‌నగర్‌ల ఎవరికైన చూపించుకో. మన భాషల మన డాక్టర్‌కు చెప్పుకుంటె ఆ తృప్తి వేరే ఉంటది. పరాయి దేశంల పైజామా విప్పే కర్మ ఎందుకు?

నల్లగొండ_నర్సమ్మ
కాకా, లీవు ఎప్పుడు దొరకాలె, ఈ పిలగాడు అప్పటిదాక నెత్తురు కార్చుకుంట కూసోవాల్నా?

తమ్మీ, నాది నకిరేకల్. రియాద్‌ల సర్జికల్ వార్డుల చేస్తున్న. నువ్వు నోరు తెరవలేని ముచ్చట మేము డ్యూటీ ఎక్కిన కాడికెళ్లి దిగేదాక వినేదే. డ్రైవర్లు, వెల్డర్లు, ఆఫీసుల కూసునేటోళ్లు, సౌదీ పెద్దమనుషులు, అందరొస్తరు. నువ్వు బయటికి పోయినంక నీ మొకం కూడ యాదికుండదు మాకు, తప్పుగ అనుకోకు.

ఇగ రోగం సంగతి. నువ్వు చెప్పినదాన్ని బట్టి అది మొలలు కాకపోవచ్చు. లోపలి మొలలైతే ఎర్రటి నెత్తురు పడుతది గానీ నొప్పి అంతగ ఉండదు. పోయేటప్పుడు కోసినట్టు నొప్పి, పోయినంక గంటల తరబడి మంట అంటే చీలిక అయ్యుండొచ్చు, ఫిషర్ అంటరు. చూడకుండ ఎవరూ ఖాయంగ చెప్పొద్దు, నేను డాక్టర్‌ను కూడ కాను.

కానీ ఇవి ఉంటే మాత్రం ఆ రోజే పోవాలె: జ్వరమొచ్చి, ఆ పక్కకు గడ్డ కట్టి సలుపుతుంటే అది చీము. ఏ ఆయింట్‌మెంటుకూ తగ్గదు, కోసి తీయాలె. నెత్తురు ఆగకుండ పోయినా, నల్లగ జిగటగ పోయినా, కండ్లు తిరిగినా 997కు కొట్టు, అంబులెన్స్ వస్తది. బరువు తగ్గుతున్నవా? ఇంట్ల ఎవరికన్న పేగు క్యాన్సర్ ఉండెనా? ఈ రెండూ డాక్టర్ అడగకున్నా నువ్వే చెప్పు.

జ్వరం ఉందా ఇప్పుడు? నిజం జ్వరం.

పాలమూరు_డ్రైవర్
జ్వరం లేదక్కా. గడ్డ కూడ లేదు. బరువు అట్లనే ఉన్న. నెత్తురు ఎర్రగనే, కాయిదానికి అంటుతది, ఒక్కోసారి చుక్కలు పడుతయి.

అక్కా, లోపల ఏం చేస్తరు? మొత్తం బట్టలు విప్పాల్నా?

నల్లగొండ_నర్సమ్మ
వద్దు. ప్యాంటు కిందికి జరిపి ఎడమ పక్కకు పండుకోమంటరు, మోకాళ్లు పొట్టకు మలుచుకోవాలె. పైన దుప్పటి కప్పుతరు. మొదలు కంటితోని చూస్తరు. తర్వాత గ్లౌజు, జెల్లీ పెట్టుకొని వేలుతోని చూస్తరు. చీలికే ఉండి నొప్పి బాగుంటే వేలు పెట్టకుండ పైపైన చూసి వదిలేస్తరు కూడ. "బహుత్ దర్ద్ హై, ధీరే" అని ముందే చెప్పొచ్చు. అంతా కలిపి రెండు మూడు నిమిషాల పని.

మగ డాక్టర్ కావాలె అని కౌంటర్ కాడనే అడుగు. సౌదీల అది తప్పుగ అనుకోరు. చూడాల్సింది జనరల్ సర్జన్. చర్మ డాక్టర్ కాడికి పోకు, పంటి డాక్టర్ కాడికి పోకు.

దేవరకొండ_బావ
పంటి డాక్టర్ కాడికి ఎవడు పోతడక్కా దీనికి

నల్లగొండ_నర్సమ్మ
పోయినోడు ఉన్నడు. లైను పొట్టిగ ఉందని పోయిండు.

ఫార్మా_కోదాడ
ఊరికెళ్లి మందులు తెప్పించుకునే ఆలోచన దగ్గర ఒక మాట. నాది మెడికల్ షాపు. గల్ఫ్‌కు పోయేటోళ్లకు నొప్పి మందులు కట్టియ్యమని రోజూ ఎవరో ఒకరు అడుగుతరు. ట్రమడాల్, కోడీన్ ఉన్న గోలీలు, దగ్గు సీసాలు ఆడ మత్తుమందుల లెక్కలకొస్తయి. చీటీ లేకుండ దొరికితే జైలు. మోసుకొచ్చేది మీ ఊరాయన గనుక ముందుగాల ఆయన మెడకు చుట్టుకుంటది. పేరు లేని పొట్లాల పొడి, కషాయం సీసా కూడ వద్దు, అది ఏందో కస్టమ్స్ వానికి నువ్వు చెప్పలేవు, ఆయనా చెప్పలేడు.

ఇసబ్‌గోల్ గిట్ల ఆడ ఫార్మసీల దొరుకుతది. తిన్నంక నీళ్లు బాగ తాగాలె, లేకుంటే ఉల్టా ఇంకా గట్టిపడుతది.

గద్వాల_జరీ
గసగసాలు కూడ తేవద్దు, సౌదీల, దుబాయిల రెండు కాడ బంద్. మటన్ మసాలా పొట్లం కట్టేటప్పుడు ఇంట్లోళ్లకు చెప్పుండ్రి.

వనపర్తి_వాసి
అన్నిటికీ ఇంగ్లీషు మందులేనా? మన పెద్దలు బతకలేదా? మన బస్టాండు కాడ బోర్డు ఉంటది, ఆపరేషన్ లేకుండ సూదితోని తీస్తరు. మస్తు మందికి తగ్గింది.

అచ్చంపేట_అడవి
ఆ బోర్డు కాడికి పోయిన మా చిన్నాయన సంగతి చెప్త. ఏదో మందు సూది ఇచ్చిండు. ఆ జాగ అంతా పుండయి హైదరాబాద్‌ల పండవెట్టినం. సూది పొడిచినాయన బోర్డు ఇప్పేసి ఇంకో ఊరికి పోయిండు. కందగడ్డ తిన్నా, మజ్జిగ తాగినా ఎవ్వరికీ నష్టం లేదు. కానీ ఆ బోర్డుల జోలికి పోవద్దు.

మోడరేటర్_జడ్చర్ల
"ఆపరేషన్ లేకుండ గ్యారంటీ" అని ఫోన్ నంబర్ పెట్టిన పోస్టు తీసేసిన. మళ్ల పెడితే ఐడీ తీసేస్త.

మిర్యాల_పిల్ల
నేను ఎప్పుడూ ఇక్కడ రాయను, చదువుతా అంతే. అమెరికాలో ఉంటున్నా, హెచ్4 మీద. నాది వేరే సమస్య, ఆడవాళ్లది, అంతకంటే చెప్పను. మా ఆయన్ని వెంట తీసుకుపోయా, ఇంగ్లీషు ఆయనదే కదా. నేను తెలుగులో చెప్పిందంతా విని, ఆయన మొహమాటపడి డాక్టరుకు "నీరసంగా ఉందట" అని చెప్పాడు. రక్తపరీక్ష రాసి పంపించారు. ఐరన్ బాగానే ఉంది, నా బాధ అట్లాగే ఉంది.

తర్వాత పోయినప్పుడు కౌంటర్ దగ్గర భాషల పేర్లున్న అట్ట చూశాను. తెలుగు అని వేలు పెట్టి చూపించా. వాళ్లే మా ఆయన్ని బయట కూర్చోమన్నారు. ఫోన్ స్పీకర్లో ఒకావిడ వచ్చింది, పేరు చెప్పలేదు, నంబరు మాత్రం చెప్పింది. తెలిసినవాళ్లెవరైనా అవుతారేమో అని భయపడ్డా, కానీ విన్నది బయట చెప్పకూడదని వాళ్లకు నియమం. అన్నీ చెప్పేశా. ఆవిడ ఏ మాటా మింగకుండా చెప్పింది, నేను వాడలేని మాటలతో సహా. పైసా తీసుకోలేదు. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఇవ్వాలని చట్టమే ఉంది, 2010 ఆరోగ్య చట్టంలో 1557వ సెక్షన్.

కాబట్టి అన్నా, రూమ్మేట్‌ని మాట సాయానికి తీసుకుపోకండి. సొంత మనిషే సగం మింగేస్తాడు.

కోస్గి_కాక
అమెరికా ముచ్చట్లు గల్ఫ్‌ల నడవయి బిడ్డా. క్యాంపు క్లినిక్‌ల నంబర్ల దుబాసీ ఎవడు ఇస్తడు.

సూర్యాపేట_టు_జర్మనీ
కాకా చెప్పింది కరెక్టే. ఐరోపాల కూడ అన్ని చోట్ల ఇయ్యరు. యూకేల దోస్తుకు ఇచ్చిండ్రు, ఫ్రీగ. జర్మనీల గవర్నమెంట్ ఇన్సూరెన్స్ దుబాసీ ఖర్చు పెట్టదు, మనమే చూసుకోవాలె. ఇంకో తమాషా ఏందంటే ఇక్కడ డాక్టర్ కంటే ముందు కౌంటర్ల ఆమెకు చెప్పాలె. వెనుక లైన్ల పదిమంది వింటుంటరు. నేను కాయిదం మీద రాసుకపోయి ఆమె ముందల పెట్టిన. ఆమె చదువుకొని "బ్యాక్ పెయిన్?" అని ఊరంతా వినేటట్టు అడిగి కన్ను కొట్టింది. దేవత.

రాత్రిపూట, సెలవు రోజుల డాక్టర్ కావాలంటె 116117. ప్రాణం మీదికి వస్తే 112. జర్మనీల ఉన్నోళ్లు రాసిపెట్టుకోండ్రి.

పాలమూరు_డ్రైవర్
కాయిదం ఐడియా బాగుంది. ఫోన్ల ట్రాన్స్‌లేట్ చేసి చూపించొచ్చా? చేసి చూసిన, రూముల పాకిస్తానాయనకు ఉర్దూల సదివించిన (నా దోస్తు రోగం అని చెప్పి). "ఇంట్లకెళ్లి బయటికి పోతే నెత్తురు వస్తది" అని వచ్చిందట. మీ దోస్తును ఎవరన్న కొడుతున్నరా అని అడిగిండు.

దేవరకొండ_బావ
ఇగ నా తోని కాదు. ఆఫీసుల ఉన్న, నవ్వలేక సస్తున్న.

నల్లగొండ_నర్సమ్మ
ఫోన్‌కు పాలమూరు తెలుగు అర్థం కాదు తమ్మీ, పుస్తకాల తెలుగు రాయాలె. "మలవిసర్జన సమయంలో రక్తం వస్తోంది. మలద్వారం వద్ద తీవ్రమైన నొప్పి, తరువాత మంట. జ్వరం లేదు. మగ సర్జన్‌తో పరీక్ష కావాలి." ఇట్ల రాసి అరబ్బీ, ఇంగ్లీషు రెండిట్ల మార్చు. మార్చినంక దాన్నే మళ్ల తెలుగులకు మార్చి చూసుకో, తేడా వస్తే తెలిసిపోతది. ఎప్పటి సంది ఉంది, ఏం గోలీలు ఏసుకుంటున్నవ్, ఏ మందు పడదు, షుగర్ బీపీ ఉన్నయా, ఇవి కింద రాయి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో, ఆసుపత్రిల నెట్ రాకపోవచ్చు.

నోటితోని చెప్తానంటె మన హిందీ చాలు: "లెట్రిన్ కే టైమ్ ఖూన్ ఆతా, బాద్ మే బహుత్ జలన్. బవాసీర్ హై యా జఖమ్, చెక్ కరో." బవాసీర్ అంటె మొలలు, జఖమ్ అంటె పుండు. ఈడ డాక్టర్లల మనోళ్లు, పాకిస్తానోళ్లు కూడ చానా మంది. ఈజిప్టు ఆయనకు కూడ బవాసీర్ అంటె తెలుస్తది.

అచ్చంపేట_అడవి
ఆ క్లినిక్‌కే మళ్ల పోవాల్నా, బయట పోవచ్చా?

నల్లగొండ_నర్సమ్మ
బయట పోవచ్చు. కంపెనీ వీసా అంటె ఇన్సూరెన్స్ పైసలు నీ కంపెనీయే కట్టాలె. కార్డు చేతుల లేకున్నా ఇకామా (సౌదీల ఉండే పర్మిట్ కార్డు) నంబర్ చెప్తే కనవడుతది. కానీ ఏ ఆసుపత్రులు నీ పాలసీల ఉన్నయో ముందు చూసుకో, అన్నీ ఉండవు. ఫీజుల కొంత భాగం నిన్ను కట్టమనొచ్చు. ఎక్కడికి పోవాల్నో సమజ్ కాకుంటె 937కు కొట్టు, అది ఆరోగ్య శాఖ నంబర్, రాత్రీ పగలూ ఎత్తుతరు, ఇంగ్లీషుల కూడ మాట్లాడతరు.

పాలమూరు_డ్రైవర్
ఇన్సూరెన్స్ మీద పోతే కంపెనీకి తెలుస్తదా? మెడికల్ అన్‌ఫిట్ అని పంపించేస్తరని మా రూముల అంటరు. అప్పు ఇంకా తీరలే.

కోస్గి_కాక
పంపిస్తరు. నా కండ్ల ముందల పంపిండ్రు ఒకాయనను.

దేవరకొండ_బావ
ఆయనకు ఏం రోగం కాకా?

కోస్గి_కాక
టీబీ.

దేవరకొండ_బావ
టీబీ వేరు, ఇది వేరు కాకా! వచ్చే ముందల హైదరాబాద్‌ల చేయించిన మెడికల్ యాది చేసుకో తమ్మీ. ఇప్పుడు వాఫిద్ అంటున్నరు, ముందుగాల గామ్కా అంటుండె. టీబీ, హెచ్ఐవీ, కామెర్ల రకాలు, అసొంటివి చూస్తరు. పిర్రల కాడ చీలిక ఉందని ఎవణ్నీ విమానం ఎక్కించరు.

ఉల్టా నీకే హక్కు ఉంది. సౌదీ కార్మిక చట్టం 117వ ఆర్టికల్ చూడు: డాక్టర్ చీటీ ఉంటే ఏడాదిల మొదటి 30 రోజులు పూరా జీతం, తర్వాత 60 రోజులు ముప్పావు జీతం, ఆ తర్వాత 30 రోజులు జీతం లేకుండ లీవు. హౌస్ డ్రైవర్లకు వేరే రూల్స్, నీది కంపెనీ కాబట్టి ఇదే.

నేను షార్జాల ఉంట. ఈడ కూడ 2025 జనవరి 1 నుంచి అన్ని ఎమిరేట్లల ప్రైవేటు కంపెనీలు ఇన్సూరెన్స్ చేయించాల్సిందే. అంతకు ముందు మా షార్జాల గ్యారంటీ లేకుండె, దుబాయి, అబుధాబీలల్నే ఉండె. అయినా సగం మందికి కార్డు ఉన్నదన్న సంగతే తెల్వదు.

వనపర్తి_వాసి
పాస్‌పోర్ట్ ఈసీఆర్ (పనికి పోయే ముందల సర్కారు అనుమతి కావాల్సింది) అయితే వచ్చేముందు 275 రూపాయలు కట్టించుకున్నరు కదా, ప్రవాసీ బీమా. అది పనికి రాదా?

ఫార్మా_కోదాడ
అది ప్రధానంగ ప్రమాదంల పోతే 10 లక్షలు ఇచ్చేది. క్లినిక్ ఫీజుకు దాన్ని నమ్ముకోవద్దు. కంపెనీ ఇన్సూరెన్స్ చేయించనే లేదని తేలితే మాత్రం ఎంబసీకి రాయి, మన విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైట్ ఉంది, మదద్ పోర్టల్, దాంట్ల. 2015 సంది ఉంది. జవాబు తొందరగ రాదు గానీ నంబర్ పడుతది, కంపెనీ వాడు జర బెదురుతడు.

గద్వాల_జరీ
క్యాంపుల ఉండేటోనికి ఒక డౌట్. వేడి నీళ్ల టబ్బుల కూసోమంటరు కదా దీనికి. బాత్రూం ముందల పన్నెండు మంది లైను కడితే ఎట్ల కూసోవాలె?

నల్లగొండ_నర్సమ్మ
మంచి డౌటే. గోరువెచ్చని నీళ్లు చాలు, ఉప్పు, డెట్టాల్ ఏం వద్దు. పది పదిహేను నిమిషాలు. తమ్ముడికి లైను లేని టైమ్ డ్యూటీ దిగిన అర్ధరాత్రి అయితే అప్పుడే చేయాలె. బయటికి పోయినంక చేస్తే ఇంకా మంచిది. టబ్బు సొంతానిది కొనుక్కో, పదో పదిహేనో రియాల్లు. అడిగితే మోకాళ్ల నొప్పి అను, ఈ అబద్ధానికి నేను ఏమనను.

ఇంకో ముచ్చట. లెట్రిన్‌ల ఫోన్ పట్టుకొని కూసునుడు బంద్ చెయ్. అందరికీ చెప్తున్న.

అచ్చంపేట_అడవి
ఈ థ్రెడ్ నేను చదువుతున్నదే ఆడ కూసొని

పాలమూరు_డ్రైవర్
పోయొచ్చిన. ఖోబర్‌ల ఒక పాలీక్లినిక్. కౌంటర్ల ఇకామా, ఫోన్ రెండూ ముందల పెట్టిన. ఆ పిల్ల చదివి ఏం మాట్లాడకుండ "సర్జన్, రూమ్ నంబర్ నాలుగు" అన్నది. సర్జన్ ఈజిప్టు ఆయన. పెద్దాయన, సరదాగ మాట్లాడతడు. నేను చెప్పకముందే "సయిక్? డ్రైవర్?" అన్నడు, నవ్విండు. అక్క చెప్పినట్టే ఎడమ పక్కకు పండుకోబెట్టి చూసిండు, వేలు పెట్టలే. మొలలు కాదు, చీలికే. తినే పొడి, రాసే ఆయింట్‌మెంట్ రాసిండు, మళ్ల రమ్మన్నడు. లీవు చీటీ అడిగితే ఇచ్చిండు.

ఒకటే ఇబ్బంది. ఆయింట్‌మెంట్ రాసినంక అరగంటల తలకాయ పగులుతుంది. రాసింది కింద, నొప్పి మీద. ఇదేంది?

దేవరకొండ_బావ
శభాష్ తమ్మీ. తలకాయ సంగతి అక్కనే చెప్పాలె.

ఫార్మా_కోదాడ
డబ్బా మీద నైట్రోగ్లిజరిన్ అనో, గ్లిజరిల్ ట్రైనైట్రేట్ అనో ఉందా?

పాలమూరు_డ్రైవర్
మొదటిది.

నల్లగొండ_నర్సమ్మ
అదే మరి. ఆ మందు బిగుసుకపోయిన కండను వదులు చేసి నెత్తురు సక్కగ పారేటట్టు చేస్తది, అప్పుడే చీలిక మానుతది. చర్మంలకెళ్లి ఒంట్లకు కూడ ఎక్కుతది, తలల నరాలు ఉబ్బుతయి, అందుకే ఆ నొప్పి. చానా మందికి అయితది. రాసేటప్పుడు వేలుకు గ్లౌజు గానీ కవరు గానీ తొడుక్కో, శనగగింజంత కంటే ఎక్కువ వద్దు, రాసినంక కాసేపు పండుకో. లేచి వెంటనే బండి ఎక్కకు, కండ్లు తిరగొచ్చు. ఓర్చుకోలేకుంటె డాక్టర్‌కు చెప్పు, డిల్టియాజెమ్ అని వేరేది ఉంటది, దాంతోని తలనొప్పి తక్కువ. నీ అంతట నువ్వు బంద్ చేయకు.

ఇంకోటి, అందరూ చదువుండ్రి. ఆ ఆయింట్‌మెంట్ వాడేటోళ్లు మగతనం గోలీలు, అదే వయాగ్రా రకం, అస్సలు ఏసుకోవద్దు. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారి పడిపోతది, ప్రాణం పోతది. క్యాంపులల్ల ఆ గోలీలు చీటీ లేకుండ చేతులు మారుతయని నాకు తెలుసు. డాక్టర్ అడిగితే సిగ్గుపడకుండ చెప్పుండ్రి.

దేవరకొండ_బావ
అక్కా, ఒక దోస్తు కోసం అడుగుతున్న. గోలీ ముందు ఏసుకొని, మర్నాడు ఆయింట్‌మెంట్ రాస్తే?

గద్వాల_జరీ
దోస్తు ఏ ఊరు బావా, దేవరకొండనా?

నల్లగొండ_నర్సమ్మ
గద్వాల, ఊకో. అడగాల్సిందే అడిగిండు.

సిల్డెనాఫిల్ (వయాగ్రాల ఉండే మందు ఇదే) అయితే కనీసం 24 గంటలు, టాడాలాఫిల్ అయితే 48 గంటలు దాటాలె. అది కూడ డాక్టర్ సరే అంటెనే. గోలీ ఏసుకున్నంక ఛాతీల నొప్పి వస్తే అంబులెన్స్ వాళ్లకు మొదటి మాటే అది చెప్పాలె, లేకుంటె వాళ్లు కూడ నైట్రేట్ మందే, అంటె ఈ ఆయింట్‌మెంట్ల ఉన్న రకమే, ఇయ్యొచ్చు. మీ దోస్తు తాన ఉన్న గోలీ పేరు ఏందో, ఎన్ని మిల్లీగ్రాములో చూసి రాయి. ఈడ రాయబుద్ధి కాకుంటె నాకు మెసేజ్ పెట్టు, రాత్రి డ్యూటీ దిగినంక చూస్త.